పానీపూరీ మీద నెపం ఎందుకు?

క్రోన్స్ ఉన్న నా ఫ్రెండ్‌కి ఇంట్లో రోజూ ఒకటే క్లాసు: ‘బయటి తిండి మానమంటే విన్నావా?’ వాడికి నేను 2024లో ‘నేచర్’ జర్నల్‌లో వచ్చిన పరిశోధన గురించి చెప్పాను. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో జేమ్స్ లీ బృందం 21వ క్రోమోజోమ్‌పై, జన్యువులే లేని ఖాళీ జాగాలాంటి చోట వెతికింది. అక్కడో స్విచ్ దొరికింది. మాక్రోఫేజ్ అనే రక్షక కణాల్లో ఈటీఎస్2 జన్యువును రెచ్చగొట్టేది అదే. ఇంకేముంది, పేగుకి కాపలా కాయాల్సిన కణాలే పేగు మీద పడతాయి!

ఈ తేడా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఉంటుంది. అందుకే తిండి, యాంటీబయాటిక్స్, పేగు బ్యాక్టీరియాల పాత్రనీ కొట్టిపారేయలేం. పానీపూరీ ఒక్కదాన్నే దోషిని చేయడం మాత్రం అన్యాయం.

క్యాన్సర్‌కి వాడే ఎంఈకే ఇన్‌హిబిటర్లు రోగుల పేగు శాంపిళ్లలో ఈ మంటను తగ్గించాయి, ల్యాబ్‌లోనే లెండి. వాటికి సైడ్ ఎఫెక్టులు ఎక్కువ. మిగతా అవయవాల జోలికి పోకుండా మాక్రోఫేజ్‌లకే మందు చేర్చే దారి ఇప్పుడు వెతుకుతున్నారు.