ఏళ్లు గడిచేకొద్దీ ఎదిగే వైన్
కాలిఫోర్నియాలోని కూపర్టినో ఊరికి ఎగువన, మలుపుల కొండదారి చివర 'రిడ్జ్' సంస్థ వారి మాంటె బెల్లో ద్రాక్షతోట ఉంది. అక్కడి కొత్త వైన్‌నూ పాతదాన్నీ పక్కపక్కన పెట్టుకుని రుచి చూశాను. కొత్తది ముదురు ఊదా రంగు. గుటక వేయగానే నేరేడుపండు తిన్నట్టు నాలుకంతా వగరు పట్టేసింది. పాతదాని అంచు ఇటుక రంగుకు తిరిగింది. వగరు మెత్తబడి, దేవదారు చెక్క, పొగాకు వాసనలు పైకి తేలాయి. వగరునిచ్చే టానిన్లు సీసాలో నెమ్మదిగా మారడమే ఆ వగరు మెత్తబడడానికి కారణం. కొండమీది చల్లదనం ద్రాక్షలో పులుపు తగ్గనివ్వదు. వైన్‌కు ఆయుష్షు పోసేవాటిలో ఆ పులుపు ఒకటి. 1976 నాటి పారిస్ వైన్ పోటీలో రెడ్ వైన్లలో ఐదో స్థానంలో ఉన్న ఇక్కడి 1971 వైన్, 2006లో అవే రెడ్ వైన్లను మళ్లీ రుచి చూసినప్పుడు మొదటి స్థానంలో నిలిచింది. ఇలాంటి వైన్ కొంటే తొందరపడి మూత తీయకండి.