మగ్గం వెంట రాని మిరాశీ

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు వెళ్తే తెలుగు వినిపించడానికి ఎంతోసేపు పట్టదు. కిరాణా కొట్టు ముందు, ఆటో స్టాండులో, మరమగ్గాల షెడ్ల దగ్గర షిఫ్టు మారే వేళలో నల్లగొండ యాస, వరంగల్ యాస, కరీంనగర్ యాస కలగలిసి వినిపిస్తాయి. ఇక్కడి మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఈ తెలుగువాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. చేతిమగ్గం కడుపు నింపని రోజుల్లో మరమగ్గాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. 1994లో ప్లేగు వచ్చి ఊరు ఊరంతా ఖాళీ అవుతుంటే మూటాముల్లె సర్దుకుని రైలెక్కారు, మళ్లీ వచ్చారు. 2006లో తాపీ నది ఊరిని ముంచెత్తినప్పుడూ తట్టుకున్నారు.

వచ్చేటప్పుడు కులదైవం మార్కండేయుణ్ణి తెచ్చుకున్నారు. శ్రావణ పౌర్ణమి నాటి జంధ్యాన్ని, గోత్రాలను, ఇంటిపేర్లను తెచ్చుకున్నారు. తరతరాలుగా తమ గుమ్మంలో నిలబడి తమ పుట్టుకను పాడి వినిపించిన మనిషి మాత్రం వెనకే ఉండిపోయాడు. ఆయన కూనపులి.

తెలంగాణ పల్లెల్లో కూనపులోళ్లంటే సాలోళ్ల కథకులు. పద్మశాలీలకు తప్ప ఇంకొకరికి కథ చెప్పరు, ఇంకొకరి దగ్గర చెయ్యి చాపరు. వాళ్లు చెప్పే కులపురాణంలో మార్కండేయుడు యముణ్ణి గెలుస్తాడు. ఆయన వంశంలోని భావనాఋషి విష్ణువు నాభి నుంచి వచ్చిన తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు, పులినెక్కి రాక్షసుడితో పోరాడతాడు. ఆయన సంతానం నుంచి నూటొక్క గోత్రాలు పుడతాయి. వింటున్న ఇంటివాళ్ల గోత్రం దగ్గరికి వచ్చేసరికి దేవతల కథ కాస్తా ఆ ఇంటి కథ అవుతుంది.

కథ నోటితో పాటు పటం మీదా నడుస్తుంది. పటం మూడడుగుల వెడల్పు ఉంటే, పొడవు పదుల అడుగులుంటుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతలు పూసి ఆరబెట్టి, ఉడుత వెంట్రుకల కుంచెతో చేర్యాల నకాషీలు బొమ్మలు వేస్తారు. వెనకంతా ఇంగిలీకం ఎరుపు. దాని మీద పసుపుపచ్చని, నీలిరంగు ఒళ్లతో దేవతలు, ఋషులు, మగ్గం ముందు కూర్చున్న భావనాఋషి. గుంజలు పాతి, అడ్డకర్ర కట్టి పటాన్ని వేలాడదీస్తారు. చెప్పిన బొమ్మ చుట్టలోకి పోతుంటే చెప్పబోయే బొమ్మ బయటికొస్తుంది. కథకుడి చేతి కర్ర ఒక్కో బొమ్మనూ తాకుతుంది, వంతవాళ్లు తాళం, మద్దెల, హార్మోనియంతో అందుకుంటారు. పటం పాతబడి చినిగితే మూల పడేయరు. మనిషికి చేసినట్టు అంత్యక్రియలు చేసి నీళ్లలో కలుపుతారు. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో 1625 నాటి భావనాఋషి పటం ఉంది. అంటే ఈ పాట వయసు నాలుగు వందల ఏళ్లకు తక్కువ కాదు.

ఇన్ని తరాలు ఈ కళను నిలబెట్టింది దయ కాదు, మిరాశీ. ఫలానా ఊళ్లలోని సాలె ఇళ్లు ఫలానా కూనపులి కుటుంబానివి. ఆ కుటుంబం ఏటా, లేదా కొన్నేళ్లకోసారి ఆ ఊరికి వచ్చి, పటం కట్టి, రాత్రుళ్లు కథ చెబుతుంది. ఇల్లిల్లూ కలిసి త్యాగం ముట్టచెబుతుంది. డబ్బు, బియ్యం, బట్టలు, ఉన్నన్నాళ్లు సాపాటు. ఆ ఊళ్లలో ఇంకో కూనపులి కాలుపెట్టడానికి వీల్లేదు. పొలం పంచుకున్నట్టు అన్నదమ్ములు మిరాశీ ఊళ్లను పంచుకున్నారు, ఆడపిల్లకు కట్నంగా ఇచ్చారు, అవసరమొస్తే తాకట్టు పెట్టారు. తాకట్టు పెట్టగలిగినదాన్ని బిచ్చమని ఎవరనగలరు? అయినా మనం అన్నాం. మన పుస్తకాల్లోనూ, కచేరీ కాగితాల్లోనూ వీళ్లను కులబిచ్చగాళ్లని రాసిపెట్టాం. ఆ మాట రాసిన చేతులు ఈ హక్కు బరువును ఒక్కసారైనా తూచి చూశాయని నేననుకోను.

కూనపులోళ్లు ఒక్కరే కాదు. పద్మశాలీలకే గారడీ విద్యలు చూపే సాధనాశూరులున్నారు. గొల్లలకు మందహెచ్చులవాళ్లు, చాకళ్లకు పటంవాళ్లు, మంగళ్లకు అద్దపువాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, మాదిగలకు డక్కలి, చిందు కళాకారులు. తెలంగాణలో దాదాపు ప్రతి శ్రామిక కులానికీ తన చరిత్ర చెప్పే ఇంకో కులం ఉంది. రాజుల చరిత్రను ఆస్థాన కవులు రాశారు, నేతగాడి చరిత్రను కూనపులి పాడాడు.

ఇక సూరత్‌లో జరిగిందేమిటో చూద్దాం. మిరాశీని పొలిమేరతో కొలుస్తారు. పరకాల దగ్గరి ఊరు ఒకరిది, జనగామ దగ్గరిది ఇంకొకరిది, మోత్కూరు వైపుది మరొకరిది. లింబాయత్ సందులో ఆ మూడు ఊళ్లవాళ్లూ ఒకే వరసలో పక్కపక్క గదుల్లో ఉంటారు. ఆ సందులో పటం కట్టే హక్కు ఎవరిది? ఒక ఊరి సాలోళ్లు సూరత్‌లో కొందరు, భీవండిలో కొందరు, షోలాపూర్‌లో కొందరుగా చెల్లాచెదురయ్యారు. ఇళ్లు కదిలిపోయాయి, పొలిమేర కదల్లేదు. కూనపులి చేతిలో మిగిలింది ముసలివాళ్లు, తాళం వేసిన తలుపులు ఉన్న ఊరు.

పోనీ, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో పటం చుట్ట భుజాన వేసుకుని వరంగల్ నుంచి సూరత్‌లో దిగాడే అనుకుందాం. కథ రాత్రి చెప్పేది, ఒక రాత్రితో తెగేది కాదు. ఊళ్లో గుంటమగ్గం మీద నేసేవాడికి పొద్దుగూకితే పని ఆగేది. ఇక్కడ మరమగ్గం ఆగదు. పన్నెండు గంటల షిఫ్టులు రెండు, పగలొకటి రాత్రొకటి. ఏ రాత్రి చూసినా కులంలో సగం మంది షెడ్డులోనే ఉంటారు. మిగతా సగం అలసిపోయి నిద్రపోతారు, పొద్దున్నే మళ్లీ ఎక్కాలి కదా. గుంజలు పాతడానికి వాకిలి లేదు, గది బయట అడుగేస్తే రోడ్డు. పటానికి కావలసింది నూలుగుడ్డ, సూరత్ మగ్గం మీద దిగేది పాలియెస్టర్. ఇందులో ఎవరి తప్పూ లేదు. సూరత్‌కు వచ్చిన సాలెన్న కృతఘ్నుడై కూనపులిని మరిచిపోలేదు. గంటల లెక్కన కూలి చేసే బతుకులో అలా కూర్చుని తన కథ తాను వినే తీరిక పోయింది.

ఇదే గడ్డ మీద ఇంకో దారి కూడా కనిపిస్తుంది. గుజరాత్‌లో వంశావళి పుస్తకాలు రాసే వహీవంచా బారోట్లున్నారు. అక్కడి దళిత నేతగాళ్లు వణకర్లకు తూరి బారోట్లు ఉన్నారు, పాటా వాళ్లదే, వంశచరిత్రా వాళ్లదే. బారోట్ హక్కు పుస్తకంలోని పేర్లను పట్టుకుని ఉంటుంది. యజమాని ఎక్కడికి వలసపోయినా ఆ పుస్తకం పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, కొత్తగా పుట్టిన బిడ్డ పేరు రాసి, తనకు రావలసింది అడగొచ్చు. పశ్చిమ రాజస్థాన్‌లో గాయకులైన లంగాలకు సింధీ సిపాహీలు, మాంగణియార్లకు రాజపుత్రులు యజమానులు. 1960లో విజయ్‌దాన్ దేథాతో కలిసి బోరుందాలో రూపాయన్ సంస్థాన్‌ను స్థాపించిన కోమల్ కొఠారీ ఈ సంబంధాలను దగ్గరగా చూసి నమోదు చేశారు. మాట తప్పిన యజమానిని వదిలేసే హక్కు కూడా అక్కడి గాయకులకు ఉండేది. మాంగణియార్లను ఆయన దేశవిదేశాల వేదికలెక్కించారు. కూనపులోళ్లకు అలాంటి కొఠారీ ఇంకా దొరకలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2020లో తెలంగాణ పదిహేడు కులాలను బీసీ జాబితాలో చేర్చింది. పటంవారు, అద్దపువారు, కాకిపడగల, తెరచీరల వంటి ఆశ్రిత కులాలు అందులో ఉన్నాయి. డక్కలి కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే ఆయన కూలిపని చేస్తున్నారన్న వార్త చదివి చాలామంది బాధపడ్డాం. పురస్కారం ఒక్కరికి ఒక్కసారి వస్తుంది, మిరాశీ ఏటా ఇంటింటి నుంచీ వచ్చేది. దాని స్థానాన్ని ఇది భర్తీ చేయలేదు. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేసినప్పుడు సూరత్, భీవండి, షోలాపూర్‌లకు వెళ్లిన నేతన్నలు తిరిగి రావాలని పిలిచారు. వాళ్లు వస్తే వాళ్ల కథకుడికీ పిలుపు అందుతుందా అని అప్పుడెవరూ అడగలేదు.

ఇందులో ఇంకో ముల్లుంది, దాన్ని దాటేయకూడదు. కథ చెప్పేవాణ్ణి గౌరవంగా కూర్చోబెట్టి విన్న కులమే అతణ్ణి తనకంటే ఒక మెట్టు కింద చూసింది. నేటి కూనపులి యువకుడు తండ్రిలా గుమ్మాల ముందు నిలబడనంటే ఆ మాట న్యాయమైనది. ఆ మెట్టు పోవాలి. చెల్లింపు మాత్రం పోకూడదు. పెళ్లి బరాత్‌కు డీజేను మాట్లాడుకుని అడిగినంత ముట్టజెప్పే ఇంటికి, ఆ ఇంటి గోత్రం చెప్పగలిగిన మనిషికి మర్యాదగా ఇవ్వాల్సింది ఇవ్వడం బరువేమీ కాదు.

షోలాపూర్ పద్మశాలీలు శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుడి రథాన్ని ఊరేగిస్తారు. సూరత్‌లోనూ కులసంఘాలు ఉన్నాయి, పండుగలున్నాయి, చందాలు రాసుకునే పుస్తకాలున్నాయి. ఆ పుస్తకంలో సభ్యుడి పేరు పక్కన సొంతూరు కూడా రాయిస్తే చాలు, చెదిరిన మిరాశీ మళ్లీ లెక్కకు వస్తుంది. ఏ కూనపులి కుటుంబానికి ఏయే ఊళ్లో వాళ్లకు తెలుసు, ఆ ఊళ్లవాళ్లు సూరత్‌లో ఏ సందులో ఉన్నారో సంఘానికి తెలుస్తుంది. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, శ్రావణ పౌర్ణమికి ఏడాదికో కుటుంబాన్ని వంతులవారీగా పిలవొచ్చు. రానూపోనూ రైలు చార్జీలు, పగటి షిఫ్టువాళ్లకు ఒక రాత్రి, రాత్రి షిఫ్టువాళ్లకు ఒక పగలు పటం కట్టడానికి హాలు, ఇంటింటి త్యాగం సంఘం పెట్టాల్సిన ఖర్చు. వచ్చే పండుగ బడ్జెట్ రాసేటప్పుడు ఈ పద్దును ఆర్కెస్ట్రా పద్దుకంటే పైన రాయమని సూరత్ పద్మశాలీ పెద్దలను అడుగుతున్నాను.