బడి మీటింగులో మన మాట

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన హాస్టల్లో చాలామందిమి మన ఇళ్ళల్లో బడి ముఖం చూసిన మొదటివాళ్ళం. బడి నుంచి కాగితం వస్తే చదివిపెట్టేదీ, మీటింగని పిలిస్తే అమ్మ వెంట వెళ్ళేదీ మనమే. అందుకే ఈ నాలుగు మాటలు.

మా అక్కది కావలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. వాళ్ళబ్బాయికి చెవులు సరిగా వినబడవని రెండో తరగతి దాకా మాకెవరికీ తెలియలేదు. పిలిస్తే పలకడు, మొండివాడు అనుకున్నాం. ఒకరోజు బడికి పిలిపించి, "మీవాడు ఇక్కడ నెగ్గుకు రాలేడమ్మా, టీసీ తీసుకుని స్పెషల్ స్కూల్లో వెయ్యండి" అన్నారు. అక్క వేలిముద్రకు సిద్ధపడింది. డిగ్రీ చదువుతున్న నేను పక్కనే నిలబడి కూడా నోరు మెదపలేదు. ఒక టీచరమ్మ "ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అని మెల్లగా చెప్పబట్టి సరిపోయింది.

ఆ రోజు నాకు తెలియనిది ఇది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసెయ్యకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకుమించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా చదువు ఉచితం. అది దగ్గరి బడా, స్పెషల్ స్కూలా అన్నది ఎంచుకునే హక్కు బిడ్డదే. 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే, ఇప్పుడు 21. తెలివి ఉండీ అక్షరాలు తడబడే పిల్లలు కూడా ఇందులోకి వస్తారు. వాళ్ళకు ఇన్నాళ్ళూ మనం పెట్టిన పేరు మొద్దు!

ఇక మీటింగు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగు లాంటివి మంచివే గానీ, ఆ సందడిలో ఒక బిడ్డ గోడు వినిపించదు. హెడ్మాస్టరు గారిని ముందే అడిగి, విడిగా పది నిమిషాలు తీసుకోవాలి. "మావాడు వెనకబడ్డాడు సార్" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? "బోర్డు వైపు తిరిగి చెబితే వీడికి అందదు సార్, ముందు బెంచీలో కూర్చోబెట్టి ముఖం కనబడేట్టు చెప్పండి" అనాలి. భవిత కేంద్రం ఎక్కడుంది, రిసోర్స్ టీచరు ఏ రోజు వస్తారు అని అడగాలి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు చట్టంలో ఉన్నవే. పదో తరగతి పరీక్షలు నెత్తిమీదికొచ్చాక కాదు, తొమ్మిదిలోనే కదపాలి. సదరం సర్టిఫికెట్‌కు తిరగక తప్పదు. అది వచ్చేదాకా ముందు బెంచీ మాత్రం ఆగక్కర్లేదు.

టీచర్లతో తగవు పెట్టుకోమని కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికొక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికొకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ టీచర్లు కావాలని అడగాల్సింది కూడా మనమే. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు.

హాస్టల్లో ఉన్న బిడ్డ తరఫున ఆ కుర్చీలో కూర్చునేది వార్డెన్ గారు. కానీ ఎవడికి వినబడదో, ఎవడు పుస్తకం కళ్ళకానించి చదువుతాడో ఆయనకంటే ముందు తెలిసేది పక్కన పడుకునేవాడికే. నవ్వకుండా వెళ్ళి ఆయనకు చెప్పండి.

మేము రెండోసారి వెళ్ళినప్పుడు ట్రంకు రోడ్డులో జిరాక్సు తీయించిన అర్జీ నా చేతిలో ఉంది. నేను గొంతు సవరించుకునేలోపే మా అక్క లేచి, "సార్, మావాడు ఇక్కడే చదువుతాడు" అంది.