వార్తికము దోషప్రదర్శనమా?

ఒకఁడు వ్రాసినదానిని వేఱొకఁడు చదివి దిద్దుట పాఠశాలలలో నిత్యకృత్యము. దిద్దువానికిఁ గనఁబడు భేదమంతయు వ్రాసినవాని దోషమే యగునా యనుట మాత్రము అరుదుగా విచారింపఁబడుచున్నది. పాణిని సూత్రములపైఁ గాత్యాయనుఁడు రచించిన వార్తికములు ఈ విచారమునకు మంచి యాధారములు.

ఉక్తమును, అనుక్తమును, దురుక్తమును జింతించునది వార్తికమని పెద్దలు లక్షణము చెప్పిరి. ఈ మూఁటిలోఁ గడపటిదానినే పట్టుకొని, కాత్యాయనుఁడు పాణిని తప్పులెన్నుటకే పూనెనని తలఁచువారు కలరు. 1861లో గోల్డ్‌స్టూకరు పండితుఁ డిట్టి యభిప్రాయమునే ప్రకటించెను. 1876లో కీల్‌హారను పండితుఁడు దీనిని కాదని, వార్తికకారుఁడు సూత్రమును సమర్థించుటయుఁ గలదనియు, ఆక్షేపము తోఁచినచోట సమాధానమునుగూడ నరయుననియుఁ జూపెను. ఇదియే యుక్తము. ఇంతేకాదు, దిద్దుబాటుగాఁ గనఁబడు కొన్ని వార్తికములకుఁ గారణము సూత్రకారుని పొరపాటు గాక, దేశకాలముల మార్పై యుండును.

కంబోజశబ్దమును జూడుఁడు. పంచాలదేశపు రాజు పాంచాలుఁ డగును. కంబోజదేశపు రాజుమాత్రము కంబోజుఁడే. అచ్చటఁ బ్రత్యయమునకు లుక్కు వచ్చునని పాణిని 4.1.175వ సూత్రమునఁ జెప్పెను. కంబోజమొక్కటి చాలదు, చోళాదులకును జెప్పవలయునని కాత్యాయనుఁడు. పాండ్యశబ్దసిద్ధికి నాతఁడే వేఱొక వార్తికము చేసెను. పాణిని వాయవ్యమున శలాతురమువాఁడు. కంబోజ మాతని పొరుగు. కాత్యాయనుని వార్తికమున నొకచోటఁ దద్ధితప్రయోగమును జూచి, దాక్షిణాత్యులకుఁ దద్ధితములు ప్రియములని పతంజలి చమత్కరించెను గావున, ఆతఁడు దక్షిణాపథమువాఁడని పలువురు తలఁచుచున్నారు. దక్షిణదేశమువానికిఁ జోళపాండ్యులు తోఁచుట సహజముగదా! పాణినికి దక్షిణ మంతగాఁ దెలియదనియు, కాత్యాయనునినాఁటికి నది తెలిసినదనియు రామకృష్ణ గోపాల భండార్కరుగారు 1884లో వాదించిరి. అయితే పాణిని అశ్మకశబ్దమును సూత్రించెను. అశ్మకులు గోదావరీతీరమువారు, వారి రాజధాని నిజామాబాదు జిల్లాలోని బోధనని పెక్కురు చరిత్రకారుల మతము. కాఁబట్టి "చెప్పలేదు" అనుటనుండి "ఎఱుఁగఁడు" అనుటకుఁ బోవుట తొందరపాటు. వ్యాకరణము భూగోళగ్రంథము కాదు.

యవనశబ్దమును నిట్టిదే. స్త్రీప్రత్యయ ప్రకరణమున 4.1.49వ సూత్రమునుబట్టి యవనాని యను రూపము సిద్ధించును. ఇంద్రుని భార్య యింద్రాణి యైనట్లు యవనుని భార్య యవనాని యనుకొనుటకు వీలున్నది. కాత్యాయనుఁడు అది లిపియని నియమించెను. పాణిని ఈ యర్థము నెఱుఁగఁడనుటకంటె, నాఁటి చదువరులకుఁ జెప్ప నక్కఱలేక విడిచెననుట మేలు. ఒక తరమువారికిఁ జెప్పకయే తెలిసినది మఱియొక తరమువారికిఁ జెప్పినఁగాని తెలియదు. ఇట్టి అనుక్తము గ్రంథకర్త లోపము కాదు.

మనుష్యులతోపాటు మాటల గౌరవమును మాఱును. దేవానాంప్రియుఁడనునది అశోకుని బిరుదము. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలలమీఁదను దాని ప్రాకృతరూపము చెక్కఁబడియున్నది. అందు షష్ఠికి లోపము లేదని వార్తికము చెప్పినదే కాని, నింద చెప్పలేదు. పతంజలియు దీర్ఘాయువు, ఆయుష్మంతుఁడు మొదలగు మన్ననపదములతో దీనిని జేర్చెను. భట్టోజీదీక్షితుల సిద్ధాంతకౌముదికి వచ్చునప్పటికి దాని యర్థము మూర్ఖుఁడు! కౌముదితో నెఱ్ఱగుడి శాసనమును దిద్దఁబూనినచోఁ జక్రవర్తి తన్నుఁ దాను దిట్టుకొన్నవాఁ డగును.

వాడుక తప్పిన రూపములను గొట్టివేయవలయునా యను ప్రశ్నకుఁ బస్పశాహ్నికమున నోపికతోఁ గూడిన సమాధానము కలదు. నూఱేండ్లు, వేయేండ్లు సాగు సత్రయాగముల నిప్పు డెవరును జేయకున్నను యాజ్ఞికులు వానిని బోధించుచునే యున్నారట. మఱియు ఒకచోట వినఁబడని మాట యింకొకచోట నుండవచ్చును. శవతిధాతువు కంబోజులలో గమనార్థకము. ఆర్యులలో శవమను రూపమున మాత్రమే నిలిచినది. వెదకకయే లేదనరాదని పతంజలి యాశయము.

తెలుఁగు వ్యాసములను దిద్దు పండితులకును ఈ చిక్కు నిత్యము వచ్చునదే. గోదావరిప్రాంతపు బాలుఁడు ఆనపకాయ యన్నచో నది సొరకాయ. చిత్తూరు, అనంతపురము ప్రాంతములలో ననపకాయ చిక్కుడుజాతిది. అచ్చటి బాలుఁడు "అనపగింజలు ఒలిచితిమి" అని వ్రాయఁగా, సొరగింజల నొలుచుట యేమని యెఱ్ఱసిరాతోఁ గొట్టివేయు నుపాధ్యాయునకు వ్యాకరణము తక్కువ కాదు, దేశజ్ఞానము తక్కువ. "మీ యూర దీని కేమందురు?" అని యొకమాట యడిగినఁ దీఱును. కర్తృక్రియలు పొసఁగనిచోట నట్టి యడుగుట యక్కఱలేదు. అది దురుక్తమే, దిద్దవలసినదే.

1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరిగారు చెప్పక విడిచినవానిని బహుజనపల్లి సీతారామాచార్యులవారు కూర్చి 1885లోఁ బ్రకటించిరి. ప్రౌఢవ్యాకరణమని వ్యవహరింపఁబడు నా గ్రంథమునకు వారు పెట్టిన పేరు త్రిలింగలక్షణశేషము.