పెరటి సిరి

“పెరటి చెట్టు మందునకు పనికిరాదు” అని మనలో ఒక సామెత కలదు. చేరువ నున్న వస్తువునకు విలువ నీయని మానవ స్వభావమును ఎత్తిపొడుచుటకై పెద్దలు ఈ మాట పుట్టించిరి. కోనసీమలో ఈ సామెతను వినిపించినచో ఇల్లాండ్రు నవ్వుదురు. వారికి పెరటి చెట్టే కూర. పెరటి చెట్టే పచ్చడి. పెరటి చెట్టే వంటచెరకు. జలుబు చేసిన నాడు తులసి రూపమున మందు కూడ అదియే.

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి పాయలుగా చీలి సముద్రమును చేరును. గౌతమీ వసిష్ఠ పాయలకు నడుమ, బంగాళాఖాతమును ఆనుకొని యున్న ముక్కోణపు భూభాగమే కోనసీమ. వైనతేయ మను మరియొక పాయ దీనిని చీల్చుకొని పోవుచుండును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువలు వచ్చి ఈ సీమ వరికిని కొబ్బరికిని నిలయ మైనది. అమలాపురమునకు చేరువలో, సముద్రమునకు కూడ చేరువలో నున్న ఊరు ఉప్పలగుప్తము. ఈ పేరు గల మండలము ఎస్. యానాము వద్ద సముద్రపు టొడ్డు వరకు వ్యాపించి యున్నది. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా యైనప్పుడు ఈ ప్రాంతము అందులో చేరినది.

ఈ ప్రాంతపు పెరటిలోనికి ఒకసారి పోయి చూతము. ఇంటి వెనుక పది సెంట్ల స్థలము కలదని యనుకొందము. సెంటనగా 48 చదరపు గజములకు కొంచెము ఎక్కువ. చూడగానే ఇది తోటయా, అడవియా అని క్రొత్తవారికి సందేహము కలుగును. వరుసలు లేవు, మళ్ళు లేవు. కాని నిలిచి పరికించినచో ఆ పెరడు అంతస్తుల మేడవలె కట్టబడి యున్నదని తెలియును. అన్నిటికంటె పైన కొబ్బరి చెట్ల తలలు. వాని క్రింద పనస, జామ, మునగ, నిమ్మ, కరివేపాకు. ఆ క్రింద అరటి. అరటి నీడలో కంద, చేమ, పసుపు, అల్లము. ఎండ తగులు చోట పందిరి వేసి బీర, పొట్ల, దొండ, చిక్కుడు ప్రాకింతురు. నూతి ప్రక్క బచ్చలి తీగ. మిగిలిన జానెడు నేలలో తోటకూర, గోంగూర, వంగ, మిరప.

ఇన్ని మొక్కలు ఒక్కచోట పెరిగి ఒకదాని తిండి నొకటి లాగుకొనవా? లాగుకొనును, అయితే మనము భయపడునంతగా కాదు. కొబ్బరికి తల్లివేరు లేదు. దాని పీచు వేళ్ళలో అధిక భాగము మొదలు చుట్టును సుమారు ఆరడుగుల మేర మాత్రమే వ్యాపించును. చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువదియైదు అడుగులు విడిచినచో మధ్య నేల చాల భాగము ఖాళీగనే యుండును. చెట్టు ముదిరి ఎత్తునకు పోయిన కొలది, ఆకుల సందుల నుండి ఎండ క్రిందికి దిగును. కంద, అల్లము, పసుపు వంటివి చిరునీడలో బాగుగ పెరుగును. ఈ కిటుకును కనిపెట్టినది కోనసీమ రైతు ఒక్కడే కాడు. ఇండోనేషియాలోని జావా ద్వీపమునందు ‘పెకరంగన్’ అను పేరుతో ఇట్టి అంతస్తుల పెరడులే తరతరములుగా సాగుచున్నవి. సముద్ర మొకటే, వాన యొకటే, కొబ్బరి యొకటే అయినప్పుడు బుద్ధియు ఒక్కటే కాకేమి?

పెరటికి నీరు తోడుట పెద్దపని. గోదావరి కాలువలకు మరమ్మతుల నిమిత్తము ఏటేట వేసవిలో నీరు కట్టివేయుదురు. సరిగ ఆ దినములలోనే మొక్కకు దాహము హెచ్చు. అందుచేత పూర్వులు పెరటిని వంటింటి తూము వెంట అమర్చిరి. బియ్యము కడిగిన నీరు, గిన్నెలు కడిగిన నీరు, స్నానపు నీరు పల్లమునకు పారు త్రోవలో అరటిని, చేమను నాటిరి. ఒక్క బిందె నీరు రెండు పనులు చేయును. ఈ కాలపు సబ్బుపొడి నురుగు మాత్రము మొక్కలకు మేలు చేయదు. ఆ నీటిని వేరు ప్రక్కకు మరలించుట మంచిది.

సముద్రతీరపు ఇసుక నేల పోసిన నీటిని క్షణములో మ్రింగివేయును. దానికి మందు ఎరువు. పేడ, బూడిద, రాలిన ఆకులు, కుళ్ళిన కొబ్బరి పీచు ఇసుకతో కలిసినచో అది నీటిని పట్టి యుంచును. అయితే పేడకుప్పలో ఒక దొంగ కూడ పెరుగును. కొబ్బరి మొవ్వును తొలిచి తిను కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టునది ఈ కుప్పలలోనే. తెల్లగా లావుగా చుట్టుకొని యుండు దాని పిల్లపురుగులను కుప్ప తిరుగవేయునప్పుడు ఏరివేయుట బాలురకు ఇష్టమైన పని. కోళ్ళకు అంతకంటె ఇష్టము. ఆముదపు పిండిని కుండలోని నీటిలో నానబెట్టి తోటలో పెట్టినచో ఆ వాసనకు పెద్ద పురుగులు వచ్చి పడును. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానమువారు ఇట్టి పురుగులను చంపు మిత్రజీవులను పెంచి రైతుల కిచ్చుచున్నారు. విషపు మందు చల్లని పెరటిలోని ఆకును కడిగి వెంటనే కూరలో వేయవచ్చును.

ఇక వంటింటి మాట. కోనసీమ ఇల్లాలు మొక్కలో ఏ భాగమును పారవేయదు. అరటి చెట్టు ఒక్కసారియే గెల వేయును. కాయ కూరకు, పండు పిల్లలకు, పువ్వు మరియొక కూరకు, గెల కోసిన తరువాత బోదెలోని దూట ఇంకొక కూరకు, ఆకు విస్తరికి. ప్రక్కన పిలకలు అప్పటికే తల ఎత్తి యుండును. లేత పనసకాయను కత్తితో పొట్టుగా కొట్టి, ఆవపెట్టి వండిన కూర లేనిదే ఇచ్చట పెండ్లి విందు నిండదు. పనసాకులను బుట్టలుగా కుట్టి అందులో ఇడ్డెనపిండి పోసి ఆవిరిపై ఉడికింతురు. కందను బచ్చలితో కలిపి వండుదురు. కంద గొంతు దురద పెట్టుటకు కారణము అందులోని కాల్షియం ఆక్సలేటు అను సూదుల వంటి స్ఫటికములు. చింతపండు పులుసు చేర్చుట దానికి విరుగుడు. ఆషాఢములో మునగాకు తినవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ యాకులో ‘ఎ’ విటమిను నిచ్చు పదార్థము సమృద్ధిగా నున్నదని నేటి శాస్త్రజ్ఞులును ఒప్పుకొనుచున్నారు.

కొంచెము లెక్క చూతము. మనిషికి దినమునకు కూరలు, పండ్లు కలిసి కనీసము 400 గ్రాములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఐదుగురు గల ఇంటికి రెండు కిలోలు. అందులో సగము పెరడు ఇచ్చినను ఏడాదికి 365 కిలోల సరకు అంగడిలో కొన నక్కరలేదు. ఇది కాక వంటకు కొబ్బరి, పొయ్యిలోనికి డొక్కలు మరియు ఎండు మట్టలు, ఊడ్చుటకు ఈనెల చీపురు. అయినను పెరడు ఇంటికి సమస్తమును ఇచ్చునని చెప్పుట అతిశయోక్తి. కందిపప్పు కొనవలెను, బట్ట కొనవలెను. సముద్రము ఇంత చేరువలో నున్నను ఉప్పు కూడ కొట్టు నుండియే తెచ్చుకొనుచున్నాము! స్వయంపోషకత్వ మనగా ఏమియు కొనకుండుట కాదు. కొనలేని దినము వచ్చినప్పుడు పస్తు లేకుండుట.

అట్టి దినము కోనసీమకు వచ్చినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెనుతుపాను ఈ తీరమును తాకెను. వందల కొలది ప్రాణములు పోయెను. కోతకు వచ్చిన వరి నేలపాలయ్యెను. లక్షల కొలది కొబ్బరి చెట్లు మొదలంట కూలుటయో, నడిమికి విరుగుటయో జరిగెను. కొబ్బరి నాటిన వెంటనే కాయదు. మన దేశవాళీ పొడుగు రకము కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. కొబ్బరి దింపు మీదనే సంసారము సాగించువానికి ఆ రాత్రి ఆరేడేండ్ల రాబడిని ఊడ్చుకొని పోయినట్లే. ఇట్టి వేళ అంతస్తుల పెరటి గుణము తెలియును. గాలి ఎంత బలమైనదైనను భూమిలోని కందను పెకలింపలేదు. అరటి పడిపోవును గాని దాని దుంప చావదు. కొన్ని దినములలో పిలక లేచును. తోటకూర విత్తు చల్లినచో మూడు నాలుగు వారములలో కూరకు వచ్చును. ఉప్పునీరు ముంచిన చోట్ల మాత్రము ఇదియును సాధ్యము కాదు; వానలు ఉప్పును కడిగివేయు వరకు వేచి యుండవలసినదే.

2011లో మరియొక విధమైన కష్టము వచ్చెను. గిట్టుబాటు ధర లేదనియు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుచున్నవనియు కోనసీమ రైతులు అనేకులు ఆ ఖరీఫు కాలమున వరి నాటక పంట విరామము ప్రకటించిరి. దేశమంతయు వారి వైపు చూచెను. చేను విశ్రమించినను పెరటి పాదునకు మాత్రము విరామము లేదు.

ఈ పెరడులకు నేడు గల పెద్ద భయము గాలి వలన కాదు, నూతి వలన. విద్యార్థులు ఈ సంగతిని జాగ్రత్తగా గ్రహింపవలెను. తీరమున నేల అడుగున సముద్రపు ఉప్పునీరు ఉన్నది. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటికంటె తేలిక యగుటచే, దాని మీద తేలుచుండును. మన నూతిలో ఊరునది ఈ తేలుచున్న మంచినీరే. శాస్త్రజ్ఞులు ఒక లెక్క చెప్పిరి: మంచినీటి మట్టము సముద్ర మట్టముకంటె ఒక అడుగు ఎత్తున ఉన్నచో, దాని క్రింద సుమారు నలుబది అడుగుల లోతు మంచినీరు నిలుచును. వినుటకు సంతోషము. కాని ఆ లెక్కనే తిరుగవేసి చూడుడు. మోటారు పెట్టి అదే పనిగా తోడి ఆ ఒక్క అడుగును తగ్గించినచో, క్రింది ఉప్పునీరు నలుబది అడుగులు పైకి వచ్చుటకు త్రోవ యేర్పడును. చేదతో తోడుకొన్న తాతల నాటి నూతి తియ్యగా నుండుటకు వారి పుణ్యము కంటె వారి చేతుల అలసటయే ముఖ్య కారణము.

దీనికి రొయ్యల చెరువులు తోడైనవి. తీర గ్రామములలో వరిచేలు చెరువులుగా మారినవి. చెరువులో నిలువచేసిన ఉప్పునీరు ఇసుకనేల గుండ ప్రక్క చేనికిని, ప్రక్క నూతికిని దిగును. రొయ్య వలన డబ్బు వచ్చుట నిజము. అనేక కుటుంబములు దానివలన బాగుపడుటయు నిజము. అయితే చెరువు ఒకనిది, ఉప్పెక్కిన నుయ్యి మరియొకనిది యగుట న్యాయముగా తోచదు. 1996 డిసెంబరు 11న భారత సుప్రీంకోర్టు వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు చట్టము చేసి తీరప్రాంతపు చెరువుల అనుమతులకై ఒక ప్రాధికార సంస్థను ఏర్పరచెను. వివాదము ముగియలేదు. ఇంటికప్పు మీది వాననీటిని గుంటలోనికి దింపి ఇసుకలో ఇంకించుట మాత్రము ఎవరి అనుమతియు అక్కరలేని పని.

పది సెంట్ల పెరడు అందరికి నుండదు. మూడు సెంట్ల స్థలములో ఇల్లు కట్టుకొన్నవాడు ఏమి చేయవలెను? అట్టివారి నేర్పే నాకు ఎక్కువ ముచ్చటగా తోచును. గోడ వారగా గుమ్మడి పాదు పెట్టి ఇంటికప్పు మీదికి ఎక్కింతురు. అనగా ఇల్లు ఎంత స్థలము తినివేసెనో అంతయు మరల పైన రాబట్టుకొందురు. దడి కర్రలకు చిక్కుడు, పగిలిన కుండలో మిరప, గట్టు మీద మునగ కొమ్మ. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఓడలపై ఆహారము రాక ఇక్కట్లు పడిన ఇంగ్లండు ప్రజలు ఉద్యానవనములను త్రవ్వి కూరలు పండించిరి. లండను కోట చుట్టు నున్న కందకములో సైతము కూరపాదులు పెట్టిరి. అవసరము వచ్చినచో నేల అన్ని చోట్ల దొరకును.

పెరటి పనిలో బాలబాలికలకు ప్రత్యేకించిన ఆనందము ఒకటి కలదు. గుమ్మడి తీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూయును. ఆడపూవు అడుగున చిన్న పిందె యుండును. మగపూవునకు సన్నని కాడ మాత్రమే. తుమ్మెదలు రాని దినమున పిందె పండుబారి రాలిపోవును. తెల్లవారగనే మగపూవును త్రుంచి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడపూవు నడుమ మెల్లగా రాయవలెను. ఆనప తీగకు ఈ పని సాయంకాలము చేయవలెను. దాని తెల్లని పూవు ప్రొద్దు క్రుంకు వేళ విచ్చును. నాలుగైదు దినములలో పిందె ఉబ్బుట ప్రారంభించును. తాను చేయి సాచి నిలిపిన కాయను ప్రతి ఉదయము పోయి కొలిచి చూచుకొను పిల్లవానికి ఆ కాయను కోసిన నాడు కొంచెము ఏడుపు వచ్చుటయు కలదు.

తీగ మీది ఆనపకాయలలో మంచిదానిని ఒకదానిని కోయక విత్తనమునకై విడుతురు. అది ముదిరి, ఎండి, గలగల లాడు బుర్ర యగును. దానిని అటక మీద దాతురు. తొలకరికి ముందు ఒకనాడు క్రిందికి దింపి పగులగొట్టగా, గింజలు రెండు దోసిళ్ళు వచ్చును. ఒక పాదునకు నాలుగు గింజలు చాలును. మిగిలినవి దడి మీదుగా ప్రక్క యింటికి పోవును. వారి పొట్ల గింజలు ఇటు వచ్చును.