‘అపరిమిత’ డేటాకు పరిమితి ఎందుకు?

ఫోనుకు రీచార్జి చేయించే ముందు ఏ పథకం తీసుకోవాలా అని మీ ఇంట్లో పెద్దవాళ్లు లెక్కలు వేసుకోవడం మీరు చూసే ఉంటారు. 2024 జూలైలో ఆ లెక్కలు తారుమారయ్యాయి. అప్పటిదాకా 239 రూపాయల పథకం తీసుకున్న జియో వినియోగదారులకు, 5జీ ఫోనూ 5జీ సంకేతమూ ఉంటే చాలు, 5జీ డేటా ఎంత వాడుకున్నా అడ్డు ఉండేది కాదు. జూలై 3 నుంచి ఆ పథకం ధర 299 రూపాయలు అయింది. పైగా అపరిమిత 5జీ సౌకర్యం రోజుకు 2 జీబీ, అంతకు మించి ఇచ్చే పథకాలకే దక్కింది. ఎయిర్‌టెల్ కూడా అదే రోజు నుంచి ఇలాంటి నిబంధనే పెట్టింది. ముందే రీచార్జి చేసుకున్నవారికి గడువు తీరేదాకా పాత పద్ధతి సాగింది. ఆ తరువాత పాత వినియోగదారులైనా కొత్త నిబంధనలోకి రావలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి లేచి, “సార్, అన్‌లిమిటెడ్ అని చెప్పి మల్ల లిమిట్ ఎట్ల పెట్టిన్రు? గాలిల వచ్చేదానికి లిమిట్ ఏంది సార్?” అని అడిగాడు.

ఇది మంచి ప్రశ్న. నిజానికి ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఫోనుకు వచ్చే సంకేతాలకు ప్రకృతిలోనే ఏదైనా హద్దు ఉందా? ఇది భౌతికశాస్త్రం చెప్పవలసిన జవాబు. ఉంటే, ఆ ఉన్నదాన్ని ఎవరికి ఎంత ధరకు ఇవ్వాలి? ఇది మనుషులు పెట్టుకునే నిబంధన. ఈ రెంటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే, ప్రకటనల్లోని పెద్ద పెద్ద మాటలను మీరే తూచి చూడగలుగుతారు.

చెరువు తూము, నీరటి

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఊళ్లలో చెరువు కింద సాగు ఎలా జరిగేదో మీ తాతయ్యను అడగండి. చెరువు నిండి మత్తడి దూకుతున్నా, తూములోంచి సెకనుకు ఇంత నీరే వస్తుంది. తూము వెడల్పును మించి రాదు. రైతులంతా ఒకేసారి తమ మళ్లకు నీళ్లు మళ్లించుకుంటే కాలువ సన్నబడి, చివరి మడికి చుక్క అందదు. అందుకే ఊరికొక నీరటి ఉండేవాడు. ఎవరి పొలానికి ఎప్పుడు, ఎంతసేపు నీరు వదలాలో వంతులు వేసి పంచేవాడు.

మొబైల్ టవరు ఇలాంటి తూమే. దాని చుట్టూ ఉన్న ఫోనులన్నీ దాని కింది ఆయకట్టు. టవరు దగ్గరి యంత్రంలో నీరటి పని చేసే కంప్యూటరు కూడా ఒకటి ఉంటుంది. ఏ ఫోనుకు ఎంత వంతు ఇవ్వాలో 4జీలో అది సెకనుకు వెయ్యిసార్లు నిర్ణయిస్తుంది. మీరు బొమ్మ చూస్తున్నప్పుడు డేటా ధారగా వస్తున్నట్టు అనిపించినా, నిజానికి అది చిన్న చిన్న వంతులుగా వచ్చి చేరుతుంది.

ఒక తేడా మాత్రం ఉంది. చెరువులో ఈరోజు వాడని నీరు రేపటికి మిగులుతుంది. టవరు దగ్గర అలా మిగలదు. తెల్లవారుజామున రెండు గంటలకు ఎవరూ వాడని సామర్థ్యాన్ని రాత్రి తొమ్మిదికి దాచిపెట్టలేం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

తూము వెడల్పు ఏమిటి?

ఫోనుకూ టవరుకూ మధ్య సమాచారం విద్యుదయస్కాంత తరంగాల రూపంలో సాగుతుంది. వాటికి గాలి కూడా అవసరం లేదు, శూన్యంలోనూ పోతాయి. ఒకే చోట ఒకే పౌనఃపున్యంతో ఇద్దరు ప్రసారం చేస్తే ఒకరి సంకేతం మరొకరిదాన్ని చెడగొడుతుంది. అందుచేత ప్రభుత్వం పౌనఃపున్యాలను పట్టీలుగా విభజించి వేలం వేస్తుంది. దీన్నే స్పెక్ట్రమ్ వేలం అంటారు. 2022 ఆగస్టు 1న ముగిసిన వేలంలో ప్రభుత్వానికి సుమారు లక్షా యాభై వేల కోట్ల రూపాయల బిడ్లు వచ్చాయి. సంస్థ కొనుక్కున్న పట్టీ వెడల్పే మన తూము వెడల్పు. దాన్ని మెగాహెర్ట్జ్‌లలో కొలుస్తారు.

ఇంత వెడల్పులోంచి సెకనుకు ఎంత సమాచారం పంపవచ్చు? ఈ ప్రశ్నకు 1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు జవాబు చెప్పాడు. ఆయన సూత్రం ఇది: పట్టీ వెడల్పును, “1 + సంకేతబలం ÷ రొదబలం” అనే సంఖ్యకు 2 ఆధారంగా తీసుకున్న సంవర్గమానంతో గుణించాలి. రొద అంటే సంకేతంతో కలిసి వచ్చే అనవసర అలజడి.

ఒక లెక్క చేద్దాం. 4జీ పట్టీ 20 మెగాహెర్ట్జ్ ఉందనుకోండి. మీరు టవరుకు దగ్గరగా ఉన్నారు, సంకేతం రొదకంటే 15 రెట్లు బలంగా ఉంది. 1 + 15 = 16. రెండును నాలుగుసార్లు వేసి గుణిస్తే 16 వస్తుంది కనుక సంవర్గమానం 4. ఇరవై నాలుగులు 80. అంటే సెకనుకు 80 మెగాబిట్లు. ఇప్పుడు దూరంగా ఒక గుట్ట చాటుకు వెళ్లారు. సంకేతబలం రొదకు సమానమైంది. 1 + 1 = 2, సంవర్గమానం 1. సెకనుకు 20 మెగాబిట్లే! టవరు అదే, పట్టీ అదే, అయినా తూము నాలుగో వంతుకు తగ్గినట్టయింది.

యాంటెన్నాలు ఎక్కువ పెట్టి ఈ సామర్థ్యాన్ని కొన్ని రెట్లు పెంచవచ్చు. కాని హద్దు లేకుండా చేయడం ఏ ఇంజనీరు వల్లా కాదు. మా విద్యార్థి ప్రశ్నలో మొదటి సగానికి జవాబు ఇదే: అవును, ప్రకృతిలోనే హద్దు ఉంది.

రోజుకెంత అని కాదు, ఏ వేళ అని

ఇప్పుడు ఆ 80 మెగాబిట్లను పంచుదాం. ఒక్కొక్కరు రోజుకు 1.5 జీబీ వాడతారనుకోండి. ఒక బైటుకు 8 బిట్లు కనుక అది 12,000 మెగాబిట్లు. రోజుకు 86,400 సెకన్లు. అందరూ రాత్రింబవళ్లు సమానంగా వాడితే ఆ తూము కింద 576 మందికి సరిపోతుంది.

కాని అలా ఎవరు వాడతారు? పనులు ముగించుకుని, రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా అందరూ ఫోను పట్టుకుంటారు. ఆ నాలుగు గంటల్లోనే మొత్తం 1.5 జీబీ వాడేస్తే, అదే తూము 96 మందికి మాత్రమే సరిపోతుంది. మిగిలినవారి ఫోనుల్లో ఆ తిరిగే చక్రం కనిపిస్తుంది.

అంటే నిజమైన కరువు ‘నెలకు ఎన్ని జీబీలు’ అన్నదానిలో లేదు, రద్దీ వేళ సెకనుకు ఎన్ని మెగాబిట్లు అన్నదానిలో ఉంది. తెల్లవారుజామున ఒకరు పది జీబీలు దింపుకున్నా పక్కవారికి నష్టం దాదాపు ఉండదు. రాత్రి తొమ్మిదికి ఒక్క జీబీ కూడా పక్కవారి వంతును తగ్గిస్తుంది.

మరి మొదట అపరిమితంగా ఎలా ఇచ్చారు?

కొత్త కాలువ తవ్వినప్పుడు దాని కింద పొలాలు తక్కువ. ఎవరెంత వాడినా నీరు మిగులుతుంది. పొలాలు పెరిగాక వంతులు తప్పవు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలైనప్పుడు రోజుకు 4 జీబీ దాకా డేటా ఉచితం. 2017 జనవరి నుంచి మార్చి దాకా ఉచితం సాగింది కాని, వేగంగా వచ్చే డేటాను రోజుకు 1 జీబీకి తగ్గించారు. పదిమందిలో ఎనిమిది మంది ఎలాగూ 1 జీబీ లోపే వాడుతున్నారనీ, మిగతా కొద్దిమంది వాడకం వల్ల రద్దీ ఏర్పడుతోందనీ ఆ సంస్థ అప్పుడు చెప్పింది. 5జీ కథ కూడా ఇలాంటిదే. 2022 అక్టోబరులో దేశంలో 5జీ మొదలై, 2023లో కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలకు చేరింది. జియో 5జీ కోసం కొన్న ఒక పట్టీ వెడల్పు 100 మెగాహెర్ట్జ్, అంటే మన లెక్కలోని 4జీ తూముకు ఐదింతలు. 5జీ ఫోనులేమో అప్పటికి తక్కువ. అందుకే అప్పుడు అపరిమితంగా ఇవ్వడం సులువైంది.

ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2010 జూన్‌లో కొత్తవారికి అపరిమిత పథకం ఆపేసి, పాతవారికి కొనసాగనిచ్చింది. 2011 నుంచి ఆ పాతవారిలో ఎక్కువ వాడేవారి వేగాన్ని తగ్గించసాగింది. ‘అపరిమితం అని చెప్పి వేగం తగ్గించడం మోసం’ అని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో దావా వేసింది. 2019లో ఆ సంస్థ 6 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.  వేగం తగ్గించే సంగతి వినియోగదారులకు సరిగా చెప్పకపోవడాన్ని ఆ కమిషన్ తప్పుపట్టింది.

హద్దు ప్రకృతిది, ధర మనుషులది

ఇక ప్రశ్నలో రెండో సగం. సెకనుకు ఇన్ని బిట్లే అన్న హద్దును షానన్ సూత్రం చెబుతుంది. కాని రోజుకు 1.5 జీబీ అనీ, 2 జీబీ పథకానికే అపరిమిత 5జీ అనీ ఏ సూత్రమూ చెప్పదు. అవి స్పెక్ట్రమ్‌కూ టవర్లకూ పెట్టిన ఖర్చునూ, రావలసిన ఆదాయాన్నీ చూసుకుని సంస్థలు గీసుకున్న గీతలు. ఆ గీతలను ప్రశ్నించవచ్చు, మార్చమని అడగవచ్చు. “సాంకేతిక కారణాల వల్ల” అని ఎవరైనా చెప్పినప్పుడు, అది ప్రకృతి హద్దా, సంస్థ గీతా అని అడిగి తెలుసుకోండి.

ఈ గీత అందరినీ ఒకేలా తాకదు. 5జీ పట్టీల్లో 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు వెడల్పైనవే కాని, తక్కువ పౌనఃపున్యమున్న 700 మెగాహెర్ట్జ్ తరంగాలంత దూరం పోలేవు. గోడలను, గుట్టలను అంతగా దాటలేవు. ఉట్నూరు వైపు కొండల నడుమ 5జీ సంకేతం అందని గూడెంలో ‘అపరిమిత 5జీ’ అన్న మాటకు అర్థం లేదు. అక్కడ రోజువారీ జీబీలే ఆధారం. అవి అయిపోతే వేగం సాధారణంగా సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. అప్పుడు 10 ఎంబీ పాఠం దింపుకోవడానికి దాదాపు 21 నిమిషాలు పడుతుంది. ఇంటికి ఒక్కటే ఫోను, చదివే పిల్లలు ఇద్దరు అయితే ఆ బాధ ఎలా ఉంటుందో కొందరికి అనుభవమే.

దీనికి మన రాష్ట్రంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. కరోనా వల్ల బడులు మూతపడ్డప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో ప్రసారం చేశారు. టీవీ ప్రసారంలో ఒకే సంకేతం అందరికీ చాలుతుంది. పదిమంది చూసినా పది లక్షలమంది చూసినా అదనపు పట్టీ అక్కరలేదు. అదే పాఠాన్ని ఎవరి ఫోనులో వారు చూస్తే ఒక్కొక్కరికీ వేరే ధార పంపాలి. అందరికీ ఒకటే పాఠమైనప్పుడు ప్రసారమే పొదుపు.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. రేపటి పాఠాన్ని తెల్లవారుజామున దింపి పెట్టుకోండి. 1080 స్థాయి బొమ్మకు బదులు 480 స్థాయిలో చూస్తే చుక్కల సంఖ్య దాదాపు ఐదో వంతుకు తగ్గుతుంది, డేటా కూడా బాగా తగ్గుతుంది. నల్లబల్ల మీది అక్షరాలు చదవడానికి అది చాలు.

మీరే చేసి చూడండి

సుమారు 10 ఎంబీ ఉన్న ఒక పాఠం ఫైలు ఎంచుకోండి. మూడు రోజులపాటు, ఇంట్లో ఒకే చోట కూర్చుని, ఉదయం 5 గంటలకు, మధ్యాహ్నం 1 గంటకు, రాత్రి 9 గంటలకు దాన్ని దింపండి. ప్రతిసారీ పాత ప్రతిని చెరిపేయండి. ఆ రోజు కోటా అయిపోకుండా చూసుకోండి. ఎన్ని సెకన్లు పట్టిందో పట్టికలో రాయండి. 10 ఎంబీ అంటే 80 మెగాబిట్లు. 80ని ఆ సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. మీ స్నేహితుడు టవరుకు దూరంగా ఉంటే అతని పట్టికతో పోల్చి చూడండి. మీ ఊరి తూము ఏ వేళ సన్నబడుతోందో ఆ అంకెలే చెబుతాయి. ఆ పట్టికను మీ సైన్సు ఉపాధ్యాయునికి చూపించండి. తరువాత ఇంట్లో రీచార్జి లెక్కలు వేసేటప్పుడు దాన్ని పెద్దవాళ్ల ముందు పెట్టండి.