మీటరు అంకె నిలువకున్నచో నేమి చేయవలెను?

ఎత్తిపోతల నీటిని పంచుకొను సంఘములలో కొన్ని కొలతకొరకు అయస్కాంత ప్రవాహమాపకమును, అనగా మాగ్నెటిక్ ఫ్లోమీటరును, బిగించుకొనుచున్నవి. నీటి వంతును, రుసుమును దాని లెక్కనుబట్టియే నిర్ణయించుచోట, ఆ అంకె నిలుకడలేక యెగిరిపడెనేని సభ్యుల నడుమ అనుమానములు పుట్టును.

మేము చూడబోయిన యొక గ్రామమున నట్లే జరిగినది. మీటరు ఒక క్షణమున సెకనుకు 12 లీటర్లు, మరుక్షణమున 19, వెంటనే 9 చూపుచుండెను. చివరి పొలముల రైతులు మోటారు నడుపువానిని శంకించిరి. కొందరు క్రొత్త మీటరు కొనవలెనని పట్టుపట్టిరి. తుదకు దోషము మనుష్యునియందును లేదు, మీటరునందును లేదు. అదెట్లు తెలిసెనో చెప్పుటకు ముందు మీటరు పని చేయు తీరును గ్రహింపవలెను.

అయస్కాంతశక్తిగల చోట విద్యుత్తును ప్రసరింపజేయు పదార్థము కదలినచో నందు విద్యుత్తు పుట్టును. ఈ ధర్మమును మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. మరుసటి సంవత్సరమే లండనులోని వాటర్లూ వంతెనకడ థేమ్సు నదిలో దీనిని పరీక్షింప యత్నించెను గాని తృప్తికరమైన ఫలము కలుగలేదు. నేటి మీటరులో గొట్టమునకు వెలుపల తీగచుట్టలును, లోపల ఎదురెదురుగా రెండు ఎలక్ట్రోడులును ఉండును. నీటి వేగము హెచ్చినకొలది వానియందు పుట్టు విద్యుత్తు హెచ్చును. అది యెంతయో స్వల్పము. సాధారణముగా వోల్టులో కొన్ని వేలవ వంతులకు మించదు. కావుననే చిన్న అలజడియైనను అంకెను కదలించును. మఱియు గొట్టము నిండుగా నున్నదనుకొనియే మీటరు లెక్క కట్టును.

దోషము నెచ్చట వెదకవలెనో తెలియుటకు రెండు పరీక్షలు చాలును.

మొదటిది: గొట్టము నిండియుండగా వాల్వు మూసి, మోటారు నాపి, కొంతసేపు నీటిని కదలకుండ నుంచుడు. అంకె సున్నవద్ద నిలువవలెను. అప్పుడును ఎగిరిపడుచున్నచో ఎలక్ట్రోడులను, ఎర్తును పరీక్షింపవలెను.

రెండవది: పంపు సెంట్రిఫ్యూగల్ జాతిదైనచో మాత్రము, వాల్వు మూసియుండగనే మోటారును అరనిమిషము నడుపుడు, అంతకు మించి నడుపరాదు. ఇతర జాతుల పంపుల కీ పరీక్ష తగదు. అంకె యిప్పుడే చలించినచో మోటారు విద్యుత్తు మీటరు తీగలను కలవరపెట్టుచున్నదని తెలియవలెను. రెండు పరీక్షలలోను నిలుకడగా నుండి, నీరు పారునపుడే చలించినచో దోషము ప్రవాహమునందున్నది.

ఇక నివారణోపాయములు. తీగలను ముట్టుకొనుటకు ముందు మెయిను స్విచ్చి తప్పక తీయవలెను.

ఎలక్ట్రోడులపై సున్నపు పొరయో, పాచియో పట్టినచో మెత్తని గుడ్డతో తుడువవలెను. కత్తితో గీకరాదు, లోపలి పూత చెడును. మొండి సున్నమునకు తయారుచేసినవారి పుస్తకములో చెప్పిన ద్రావకమునే వాడుడు.

పి.వి.సి. గొట్టము విద్యుత్తును భూమికి చేర్చదు. కావున మీటరునకు రెండు ప్రక్కల ఎర్తు వలయములు వేసి, వానిని మీటరు బొందెకును ఎర్తునకును కలుపవలెను. త్రుప్పు పట్టిన బిగింపు లేనిదానితో సమానము.

మీటరు సంకేతపు తీగను మోటారు కేబులుతో కలిపి కట్టరాదు. దూరముగా వేరు గొట్టమున తీసికొనిపోవలెను. మోటారు వేగమును మార్చు డ్రైవు ఉన్నచోట నిది మఱియు ముఖ్యము.

ప్రవాహదోషములలో గాలి ముఖ్యమైనది. మీటరును గొట్టపు వరుసలో మిక్కిలి యెత్తైన చోట పెట్టరాదు. నీరు పైకెక్కు నిలువు గొట్టమునగాని, పల్లపు భాగమునగాని పెట్టవలెను. అడ్డముగానున్న గొట్టమున ఎలక్ట్రోడులు క్రిందుమీదులుగా గాక ఇరుప్రక్కల నుండవలెను. మీటరునకు ముందు గొట్టపు వ్యాసమునకు అయిదురెట్లు, వెనుక మూడురెట్లు తిన్నని గొట్టముండుట మేలు. 100 మిల్లీమీటర్ల గొట్టమున కవి 50, 30 సెంటీమీటర్లగును. వంపుగాని, సగము తెరచిన వాల్వుగాని అంతకన్న దగ్గరగా ముందుండరాదు. ఎరువుల ద్రావణమును మీటరు దాటిన పిమ్మటనే కలుపవలెను.

అంకెను నెమ్మదింపజేయు డ్యాంపింగు అను సవరణ యొకటి కలదు. కారణము తెలియకుండ దానిని పెంచుట జ్వరమునకు మందీయక దుప్పటి కప్పినట్లగును.

పై గ్రామమున రెండు పరీక్షలలోను అంకె సున్నవద్దనే నిలిచెను. నీరు పడుచోట చూడగా ధార నడుమ నడుమ బుసకొట్టుచుండెను. నీటిని పీల్చు గొట్టపు అతుకువద్ద రబ్బరు వాషరు చీలి గాలిని లాగుచుండెను. వాషరు మార్చిన పిమ్మట అంకె కుదుటపడెను. శంకించిన రైతులే ఆ మోటారు నడుపువాని చేతికి లెక్కపుస్తకమును మరల నిచ్చిరి.

కావున సభ్యులు మనుష్యుని నిందించుటకును, క్రొత్త మీటరునకు సొమ్ము వెచ్చించుటకును ముందు, పదిమంది యెదుట ఈ రెండు పరీక్షలను జరిపి, ఫలితమును సంఘపు పుస్తకమున వ్రాసికొందురుగాక యని మా మనవి.